బొంత మీద పేరు

(మన సంఘము వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



"పాత వస్తువుల వేట, చేతిపని" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత జంకితిని. ఈ వేదిక మీద ఏటేట పండితులు ప్రసంగించుచున్నారు. ప్రబంధములను గూర్చి, త్యాగరాజస్వామి కృతులను గూర్చి విన్న చెవులకు పాత గుడ్డలను గూర్చి నేనేమి చెప్పుదును? నేను పగలు కార్యాలయములో లెక్కల దస్త్రములు చూచుదానను. రాత్రి భోజనములైన పిదప సూదియు దారమును పట్టుదానను. పాత చీరలతో సంచులు, దిండ్ల గలీబులు, గోడకు వ్రేలాడదీయు గుడ్డ పటములు కుట్టుట నా వ్యాపకము. ఇంతకు మించిన యోగ్యత నాకు లేదు. అయినను "మీరు చూచినది చెప్పుడు, చాలును" అని ఆయన ధైర్యము చెప్పినందున వచ్చితిని.

నేను 2011లో బదిలీపై ఈ నగరమునకు వచ్చితిని. అప్పటికే పదేండ్లుగా దీని అధికార నామము కోల్‌కతా. అయినను మనవారి నోట నేటికిని కలకత్తాయే గనుక నేనును అట్లే పిలిచెదను. వచ్చిన క్రొత్తలో ఆదివారము వచ్చినచో ఏమి చేయవలెనో తోచెడిది కాదు. భాష రాదు, బంధువులు లేరు. ఒకనాడు కాలేజీ వీధిలో పిల్లల పుస్తకముల కొరకు తిరుగుచు, పాత పుస్తకముల గుట్టలో కుట్టుపని నమూనాల పుస్తకమొకటి చూచితిని. అట్ట ఊడిపోయినది. లోపల ఎవరో ఇల్లాలు పెన్సిలుతో తామరపూల గీతలు గీసికొని, ప్రక్కన దారముల రంగులు వ్రాసికొన్నది. ముప్పది రూపాయలిచ్చి కొంటిని. ఆనాడు నాకు పట్టిన పిచ్చి నేటికిని వదలలేదు.

పాత వస్తువులకు కలకత్తా పుట్టినిల్లువంటిదని నా విశ్వాసము. 1911 వరకు ఇది దేశమునకు రాజధాని. జమీందారుల మేడలు, దొరల బంగళాలు, చీనావారి, ఆర్మీనియనుల, మార్వాడీల వ్యాపారములు, అన్నియు ఇచటనే పోగుపడినవి. రాజధాని తరలిపోయినది, సంపదలు కరగినవి, ఉమ్మడి కుటుంబములు విడిపోయినవి. కాని సామానులు మాత్రము ఎక్కడివక్కడనే మిగిలినవి. అందుచేత ఈ ఊర వేలముపాటల శాలలు వెలసినవి. రసెల్ వీధిలో 1940లో ఆరంభమైన రసెల్ ఎక్స్ఛేంజిలో ఆదివారపు పాట వినుటకే నేను పలుమార్లు పోయితిని. ఒక గాజు దీపము, ఒక విరిగిన హార్మోనియము, ఒక పాలరాతి బల్ల, ఒకదాని వెంట నొకటి మనుష్యుల చేతులు మారుచుండగా చూచుట ఒక పురాణ కాలక్షేపమువలె ఉండెడిది. ఫ్రీస్కూలు వీధిలో పాత గ్రామఫోను రికార్డులు దొరకును. చిత్పూరు రోడ్డు ప్రాంతములో నడచినచో, పందొమ్మిదవ శతాబ్దిలో బటతలా అచ్చుకూటములవారు కొయ్యదిమ్మెలపై చెక్కిన బొమ్మలు జ్ఞప్తికి వచ్చును.

వేటకు పోవువారికి ఉపయోగపడునని నా కొద్దిపాటి అనుభవమును మనవి చేసెదను. వస్తువు ధర అడుగుటకు ముందు దానిని త్రిప్పి వెనుకవైపు చూడవలెను. కుట్టుపనియైనచో వెనుకవైపు అబద్ధమాడదు. చేతి కుట్టులో ఒక పోగు చిన్నది, ఒక పోగు పెద్దది ఉండును, యంత్రపు కుట్టు సైనికుల కవాతువలె ఉండును. ఇత్తడి అని చెప్పిన దానికి చిన్న అయస్కాంతము తగిలించి చూచినచో ఇనుము మీద పూతయైనది వెంటనే పట్టుకొనును. పాత బట్టను మడతల వద్ద పరీక్షించవలెను, చినుగుట అక్కడనే మొదలగును. ఉతుకుటకు ముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల అద్ది, రంగు దిగునేమో చూడవలెను. ఎండలో ఆరవేయరాదు, నీడలో గాలికి ఆరవేయవలెను. మడతపెట్టి బిగించుటకంటె కఱ్ఱకు చుట్టి యుంచుట మేలు.

మనము ప్రభుత్వోద్యోగులము గనుక మఱి రెండు మాటలు. 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన శిల్పములు, చిత్రములు, కళాఖండములు పురావస్తువులు. విలువగల వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లు చాలును. ప్రభుత్వము ప్రకటించిన రకములను నమోదు చేయించుకొనవలెను. అనుమతి పత్రము లేక వాటితో వ్యాపారము చేయరాదు. విదేశములలోనున్న అల్లునికో కుమారునికో వాటిని పంపుట అసలే కూడదు. అట్లే దంతపు దువ్వెన, దంతపు భరిణె చవుకగా వచ్చినవని కొనరాదు, వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏనుగు దంతపు వ్యాపారమును నిషేధించినది. ముచ్చట పడి కొన్న వస్తువు మనకు చిక్కులు తెచ్చిపెట్టరాదు గదా!

ఇక అసలు విషయమునకు వచ్చెదను.

2018 మాఘమాసములో ఒక ఆదివారము ఉదయము ఉత్తర కలకత్తాలో ఒక సందులో పోవుచుంటిని. ఒక పాత మేడను పడగొట్టుటకు సిద్ధము చేయుచుండిరి. తలుపులు, కిటికీ ఆకులు, ఇనుప కటకటములు ఒక ప్రక్క పేర్చియుండెను. మఱియొక ప్రక్క పనివాడొకడు గోనెపట్టా పరచి ఇంటిలో మిగిలిన చిల్లర సామాను అమ్ముచుండెను. అందులో మడతపెట్టిన తెల్లని గుడ్డ యొకటి కనబడినది. విప్పి చూడగా చంటిబిడ్డను పరుండబెట్టునంత బొంత. నడుమ ఎఱ్ఱని తామరపూవు, నాలుగు మూలల నాలుగు చెట్లు, ఒక ఏనుగు, రెండు చేపలు, ఒక కజ్జలపు కాయ. రెండు చోట్ల చినిగినది, ఒక అంచు ఎలుక కొట్టినది. వాడు మూడువందలడిగెను. నేను నూటయేబదికి బేరమాడి కొంటిని. ఎంత చవుకగా కొట్టుకొని వచ్చితినని ఇంటికి వచ్చువరకు పొంగిపోయితిని.

నా ఆలోచన ఏమనగా, చినిగిన భాగములు పారవేసి, తామరపూవును కత్తిరించి ఒక సంచి ముఖమునకు, ఏనుగును మఱియొక సంచికి అతుకవలెనని. అప్పటికి మన సంఘము సంబరములలో అమ్మకమునకు పది సంచులు కుట్టెదనని మాట ఇచ్చియుంటిని. బల్లమీద పరచి, సుద్దతో గీత గీసి, కత్తెర చేతబట్టితిని. సరిగా అదే సమయమునకు పై అంతస్తులోనున్న వృద్ధురాలు, మేమందఱము మాసీమా అని పిలుచునామె, పెరుగు తోడు కొరకు వచ్చెను. ఆమె బల్ల దగ్గర నిలిచి, కండ్లజోడు సవరించుకొని, చేప క్రిందనున్న నల్లని కుట్టును వ్రేలితో తడవి, "ఇది అల్లిక కాదు, అక్షరములు" అనెను.

నేను తీగ అనుకొన్నది వంగలిపి! మాసీమా కూడబలుకుకొని చదివెను. మొదట "శ్రీమతి" అని యున్నది. దాని తరువాత పేరుండవలసిన చోటనే గుడ్డ చినిగిపోయినది. క్రింది వరుసలో "ఖోకా కొరకు" అని మాత్రము నిలిచియున్నది. ఖోకా యనగా మన చంటివాడు, బుజ్జిబాబు. కుట్టిన ఆమె పేరు పోయినది. ఎవరి కొరకు కుట్టినదో ఆ పిలుపు మిగిలినది.

మాసీమా మఱేమియు అనలేదు. నా చేతిలోని కత్తెర వంక ఒకసారి చూచి, పెరుగు తీసికొని వెడలిపోయెను. నేను కత్తెరను పెట్టెలో పెట్టితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ నిద్రపట్టని రాత్రి జ్ఞప్తికి వచ్చినది, నాలుగేండ్లకు ముందు చూచిన గురుసదయ దత్తు మ్యూజియము. డైమండు హార్బరు రోడ్డు మీద జోకా వద్ద వ్రతచారి గ్రామములోనున్న ఆ మ్యూజియమును 2014లో చూచితిని. గురుసదయ దత్తుగారు 1882లో జన్మించి 1941లో గతించిన ఐ.సి.ఎస్. ఉద్యోగి. మనవలెనే బదిలీలపై జిల్లా జిల్లా తిరిగినవాడు. ఆయన సతీమణి సరోజనళినీదేవి పల్లెలలో మహిళాసమితులు నెలకొల్పినది, 1925లో అకాలమరణము నొందినది. దత్తుగారు వీరభూమి మొదలైన జిల్లాలలో సర్కారు పనిమీద తిరుగుచు, పల్లెటూరి ఇండ్లలో వాడుకలోనున్న బొంతలు, పటములు, మట్టి అచ్చులు, కొయ్య బొమ్మలు సేకరించిరి. ఆనాటి పెద్దలు వాటిని కళ అనుకొనలేదు. ఆయన పోయిన తరువాత, 1963లో ఆ సేకరణ మ్యూజియముగా తెరువబడినది. 2017లో కేంద్ర జౌళిశాఖనుండి వచ్చుచుండిన నిధులు నిలిచిపోవుటచే ఆ సంస్థ కష్టముల పాలైనది. చూడదలచినవారు తెరచియున్నదో లేదో ముందుగా కనుగొని పోవుట మంచిది.

అచట మానదాసుందరీ దాసి అను ఇల్లాలు పందొమ్మిదవ శతాబ్దిలో కుట్టిన బొంత ఉన్నది. అందులో దేవతలతోపాటు తెల్లదొరలు, సిపాయిలును ఉన్నారు. తాను దానిని తన తండ్రి కొరకు స్వహస్తములతో కుట్టితినని ఆమె అక్షరములతోనే కుట్టినది. చదువుకొనుటకు ఆడువారికి అవకాశములు మిక్కిలి తక్కువయైన ఆ కాలములో ఆమె సూదితో తన పేరు వ్రాసికొన్నది. నేను 2014లో దానిని చూచి, "ఎంత సన్నని పని!" అని ఆశ్చర్యపడి, రంగుల కూర్పును నా పుస్తకములో గీసికొని వచ్చితిని గాని, ఆ పేరునకు గల విలువను గ్రహింపలేదు. మాసీమా వ్రేలు చూపిన పిదప గాని నాకు తెలియలేదు.

వంగదేశములో ఈ బొంతను కాంథా అందురు. ఈ మాట మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున కంథ యన్నను, తెలుగున కంథ యన్నను బొంతయే. మన నిఘంటువులలో చూడవచ్చును. మెత్తబడిన పాత చీరలను మూడు నాలుగు పొరలుగా పరచి, ఆ చీరల రంగు అంచులనుండియే పోగులు లాగి, ఆ పోగులతోనే కుట్టుదురు. అనగా క్రొత్తగా కొనునది సూది యొక్కటియే! కప్పుకొనునది లేప్, పరచుకొనునది సుజని, పుస్తకములు చుట్టునది బయతన్, అద్దము దువ్వెన చుట్టిపెట్టునది ఆర్శీలత. ఇట్లు వాడుకను బట్టి పేర్లు. 1937లో కలకత్తా విశ్వవిద్యాలయములో నెలకొల్పిన ఆశుతోష్ మ్యూజియములోను మంచి కాంథాలున్నవి. స్టెల్లా క్రామ్రిష్ అను విదుషి వీటిని గూర్చి 1939లోనే వ్యాసము వ్రాసినది. ఆమె సేకరించినవి అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియమునకు చేరినవి. మనము గిన్నెలవానికి వేసిన వస్తువునకు అచట గాజు బీరువాలో స్థానము లభించినది.

ఆనాటి నుండి నా సెలవుదినముల ప్రయాణముల తీరు మారినది. పూర్వము "ఏమి దొరకును?" అని పోవుదానను. ఇప్పుడు "ఎవరు చేసిరి?" అని పోవుచున్నాను. అట్టి ప్రయాణములు మూడింటిని గూర్చి చెప్పెదను. శనివారము వేకువన బయలుదేరి ఆదివారము రాత్రికి ఇల్లు చేరగలిగినవే అన్నియు.

మొదటిది శాంతినికేతనము. హౌరానుండి బోల్పూరునకు రైలుమార్గము దాదాపు 150 కిలోమీటర్లు. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. మన రాయప్రోలు సుబ్బారావుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు అచటి చెట్ల నీడలలో విద్యనభ్యసించినవారే. 1922లో రవీంద్రుడు స్థాపించిన శ్రీనికేతనము చుట్టుప్రక్కల పల్లెల చేతిపనులకు ప్రాణము పోసినది. ఖోయాయి వద్ద సోనాఝురి చెట్ల క్రింద శనివారపు సంతగా మొదలైన అంగడిలో ఒక స్త్రీ కాంథా కుట్టిన చీర అమ్ముచుండెను. నేను అలవాటు చొప్పున సగము ధరకు అడిగితిని. ఆమె కోపగింపలేదు. చీరను త్రిప్పి వెనుకవైపు చూపి, "నాలుగు నెలలు, అమ్మా. ప్రొద్దుట పొలము, మధ్యాహ్నము సూది" అనెను. నేను నెలజీతము తీసికొనుదానను. నాలుగు నెలల నా జీతములో సగము కోసెదమని ఎవరైనను అన్నచో ఊరకుందునా? ఆమె చెప్పిన ధరయే ఇచ్చి, "మీ పేరేమి?" అని అడిగితిని. ఆమె నవ్వి, "పేరు ఎవరును అడుగరు" అనెను. ఆ పేరు ఇప్పుడు ఆ చీర మడతలో ఒక చీటి మీద ఉన్నది.

రెండవది విష్ణుపురము. మల్ల రాజులు కట్టించిన ఇటుక దేవాలయములు, 1600 నాటి రాసమంచము, 1643 నాటి శ్యామరాయ మందిరము, 1655 నాటి జోడు బంగళా గుడి, తప్పక చూడదగినవి. గోడలనిండ కాల్చిన మట్టి పలకలపై రామాయణ కథలు, పడవలు, వేటలు. కుట్టుపని చేయువారికి అంచుల నమూనాలు ఒక జీవితమునకు సరిపడ అచట దొరకును, గీసికొనుటకు రుసుము లేదు! ఆ గుడులమీద కట్టించిన రాజుల పేర్లున్నవి. ఆ వేల పలకలను మలచిన చేతుల పేర్లు నాకు కనబడలేదు. అయితే బాలూచరి చీరల కథ వేఱు. ముర్షిదాబాదు ప్రాంతములోని బాలూచరు గ్రామమున పుట్టిన ఆ నేత పందొమ్మిదవ శతాబ్ది చివరకు క్షీణించగా, 1950 దశకములో చిత్రకారుడైన శుభో ఠాకూరుగారు, విష్ణుపురమునకు చెందిన అక్షయకుమార దాసుగారు కలిసి దానిని విష్ణుపురములో పునరుద్ధరించిరి. పాత బాలూచరి నేతగాండ్రలో కడపటి మేటియైన దుబరాజు దాసు తాను నేసిన చీరలలో తన పేరును నేసికొనెడివాడు. చిత్రకారుడు పటము మూల సంతకము చేసినట్లు, నేతగాడు చీర మీద సంతకము చేసినాడు. కాలక్రమమున మగ్గము మూలపడినను ఆ పేరు నిలిచినది.

మూడవది పశ్చిమ మేదినీపురము జిల్లా పింగ్లా వద్దనున్న నయా గ్రామము. బాలిచక్ స్టేషనులో దిగి పోవలెను. అచటి పటువాలు చుట్టగా చుట్టిన పటమును కొద్దికొద్దిగా విప్పుచు, వ్రేలితో చూపుచు కథ పాడుదురు. వారిలో పలువురు మతమున ముస్లిములు, పాడునది మనసాదేవి కథలు, రామకథలు. ఇంటిపేరు చిత్రకర్. నన్ను ముగ్ధురాలిని చేసినదేమనగా, పాట ముగియునప్పుడు పాడినవారు తమ పేరును ఊరును అందులోనే కలిపి చెప్పుకొందురు. మన క్షేత్రయ్య పదములలో మువ్వగోపాల ముద్ర, త్యాగయ్య కీర్తనలలో ఆయన పేరు ఉండునట్లే యని అనుకొంటిని. తెలంగాణములో సిద్ధిపేట జిల్లా చేర్యాలలో నకాషీవారు వ్రాయు పటములు వీటికి అక్కచెల్లెండ్రవంటివి. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు అట్టి పటములనే విప్పి కథ చెప్పుదురు. నయాలో వ్రాయువారే పాడుదురు, చేర్యాలలో వ్రాయువారు వేఱు, చెప్పువారు వేఱు. ఇంతదూరము వచ్చి వంగదేశపు పటమును చూచిన తరువాత గాని చేర్యాల పటము నాకు జ్ఞప్తికి రాలేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని మన పెద్దలు ఊరక అనలేదు.

ఆ సామెత నా యింటికే వర్తించినదని చెప్పి ముగించెదను.

ఖోకా బొంత దొరకిన కొన్నాళ్ళకు మా అమ్మతో ఫోనులో మాట్లాడుచు దానిని గూర్చి చెప్పితిని. ఆమె విని, "మన ఇంట్లోనూ ఉండేదిగా అలాంటిది, మీ అమ్మమ్మ కుట్టినది. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు" అన్నది. నాకు ఒక్కసారి గుండె జారినది. ఆ బొంత నాకు తెలియును. నా వద్దనే ఉండెడిది. మా అమ్మాయిని దానిమీదనే పరుండబెట్టితిని. 2011లో బదిలీ ఉత్తరువు వచ్చి సామానులు కట్టుచున్నప్పుడు, బరువు తగ్గునని పాత బట్టల మూటలో దానినిగూడ కలిపి, స్టీలు సామానులామెకు వేసి ఒక డబ్బా తీసికొంటిని. ఆ డబ్బాలో నేటికిని కందిపప్పు పోసికొనుచున్నాను.

"ఎవరికోసం కుట్టిందమ్మా అది?" అని అడిగితిని.

"నీకోసమేనే. నువ్వు పుట్టబోయేముందు కుట్టింది. అప్పటికే ఆవిడకి చూపు సరిగ్గా ఆనేది కాదు. నాచేత సూదిలోకి దారం ఎక్కించుకునేది" అన్నది అమ్మ. కొంతసేపు నేను మాట్లాడకుండుట చూచి, "పోనీలేవే, బొంతేగా" అన్నది.

ఎవరి ఇంటిలోనో పడియున్న బొంతకు నూటయేబది రూపాయలిచ్చి నిధి దొరకినదని మురిసిన దానను, నా కొరకు కుట్టిన బొంతను పప్పుడబ్బాకు మార్చితిని. మా అమ్మమ్మ తన పేరు కుట్టలేదు. ఆమెకు అక్షరములు రావు. కనుక ఆ బొంత ఏ చేతిలో పడినను, దానిని విప్పి చూపగల మాసీమా ఎవరును ఉండరు.

ఇందుకు ప్రాయశ్చిత్తమేమని ఆలోచించితిని. మఱుసటి సెలవులలో ఊరికి పోయి, అమ్మ వద్ద నాలుగు పాత చీరలడిగి తెచ్చుకొంటిని. అమ్మమ్మ అంచు మడచు తీరు, పొరలు జరుగకుండ మొదట వదులుగా టాకాలు వేయు తీరు, నడుమనుండి బయటికి కుట్టుకొనిపోవు తీరు, అన్నియు అమ్మను అడిగి నేర్చుకొంటిని. ఆరునెలలు పట్టినది. మూలన ఎఱ్ఱ దారముతో మూడు పేర్లు కుట్టితిని. చీరలు అమ్మవి, తీరు అమ్మమ్మది, కుట్టు నాది. క్రింద ఊరి పేరు, సంవత్సరము. అది మా అమ్మాయి వద్ద నున్నది. ఖోకా బొంతను కత్తిరింపలేదు. చినిగిన చోట్ల వెనుకనుండి పలుచని గుడ్డ పట్టి నిలిపితిని. "శ్రీమతి" తరువాతి ఖాళీని మాత్రము పూరింపలేదు. సంబరములకు పది సంచులు ఇచ్చెదనన్న మాటకు ఎనిమిదే ఇవ్వగలిగితిని. కోశాధికారిగారు నన్ను మన్నింతురు గాక!

సోదరీ సోదరులారా, మనది బదిలీల జీవితము. మూడేండ్లకో అయిదేండ్లకో ఇల్లు ఖాళీ చేసి, పెట్టెలు కట్టి, మఱియొక ఊరికి పోవువారము. కట్టిన ప్రతిసారియు ఏదో యొకటి పారవేయుదుము. పారవేయవలసినవి ఉండును, కాదనను. కాని వేయుటకు ముందు ఒక్కసారి దానిని త్రిప్పి వెనుకవైపు చూడుడు. ఎవరు చేసిరో, ఎవరి కొరకు చేసిరో తెలిసినవారు ఇంటిలో ఉండగానే అడిగి, ఒక చీటి మీద వ్రాసి దానికి కుట్టుడు. ఏటికొప్పాక లక్కపిడత యైనను, కొండపల్లి బొమ్మ యైనను, పెడన అద్దకపు దుప్పటి యైనను, అత్తగారు అల్లిన తోరణమైనను సరే.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వచ్చే ఉగాదికి మన సంఘములో ఒక చిన్న ప్రదర్శనము పెట్టుదము. కొన్న వస్తువులు వలదు. ప్రతి ఇంటినుండి ఒక్క పాత వస్తువు, దానితోపాటు చేసినవారి పేరు వ్రాసిన చీటి తీసికొని రావలెను. పేరు తెలియనిచో ఆ చోటు ఖాళీగా వదలవలెను. ఎన్ని చీటీలు ఖాళీగా వచ్చునో చూచినచో మనకే తెలియును, మనమెంత పోగొట్టుకొంటిమో, ఇంకను ఎంత మిగిలియున్నదో. నావంతుగా నేను ఆ పప్పుడబ్బాను తెచ్చెదను. దాని చీటి మీద మా అమ్మమ్మ పేరు వ్రాసెదను.